ఏడు గడపలు

గుంట మగ్గంల నీళ్లూరినయి.
మూడు దినాలసంది ముసురు.
కొత్తవాడ గల్లీలన్ని
ఆరని జంపఖానా లెక్క బరువుగున్నయి.

బడికి సెలవు. కరెంటు లేదు.
ఫోనుల చార్జింగు ఆఖరి గీత మీదున్నది.
నాలుగేండ్ల జోషిత నా మోచెయ్యి గుంజి
"నాయినా, ఏమన్న చెప్పు" అన్నది.
నాకేమొస్తది? పడుగొస్తది, పేకొస్తది.

మా అవ్వ నర్సవ్వ,
పత్తిల కెల్లి గింజ తీసినట్టు
నోట్ల కెల్లి ఒక ముక్క తీసింది:

"చీమా చీమా, చింతాకు పడవ
ఎక్కి దాటిందీ ఏడు గడప!"

గంతే. రెండే వరుసలు.
మిగిలింది మర్చిపోయిందో,
అసలు అప్పుడే అల్లిందో, అడిగితె చెప్పది.

"ఏడు గడపలేవీ?" అన్నడు
అప్పుడే తడిసొచ్చిన పక్కింటి రెహాన్.
లెక్కపెట్టినం. కిరాయి ఇల్లాయె.
వాకిలిది ఒకటి, వంటింటిది రెండు.
పాటల ఏడున్నయి, ఇంట్ల రెండే ఉన్నయి.
జోషిత మూతి ముడిచింది
ఓనరు మీద కేసు పెట్టేటట్టు.

ఇగ గడపలు కట్టుడు షురువైంది.
రొట్టెల కర్ర అడ్డం పెడితె మూడోది.
కాలు తగిలితె దొర్లుతది,
దానికి రెహాన్ "నడిచే గడప" అని పేరు పెట్టిండు.
ఎర్రనూలు కండెలు వరుసగ పేరిస్తె నాలుగోది.
అయిదోది శెనగల గీత.
స్రవంతి చాటల కెల్లి పిడికెడిచ్చి
"లెక్క తక్కువైతె మీ వీపులు చూస్త" అన్నది.
దాటినోళ్లు ఒక గింజ నోట్లేసుకోవాలని రూలు,
ఎవరు పెట్టిన్రో తెల్వది,
గడప మాత్రం జరసేపట్ల సగమైంది.
ఆరోది అవ్వ చేతికర్ర.
"కర్రిస్తె నేనెట్ల లేవాలె?" అన్నది అవ్వ.
"లేవకు" అన్నది జోషిత.
న్యాయమే.

ఏడోది దొరకలె.
మంచం కింద చూసిన్రు, బియ్యం డబ్బా ఎనక చూసిన్రు,
చివరికి నన్ను చూసిన్రు.

అడ్డంగ పండుకున్న.
నా ముప్పై నాలుగేండ్లల్ల ఎన్నడూ
పొద్దుగాల పదకొండు గంటలకు
ఇట్ల నేల మీద ఒరగలె.
పెంకుల సందుల కెల్లి ఒక చుక్క
సూటిగ నా నొసటి మీద పడ్డది.

చీమ లెక్కనే నడవాలె.
రెండు వేళ్లు నెత్తి మీద మీసాలు,
పాట తప్పితె మళ్ల మొదటి గడప.
రెహాన్ "చీమా" అనడు, "చీంటీ" అంటడు.
తాళం కుదరక కొట్లాట.
ఆఖరికి ఒక గడపకు చీమ, ఒక గడపకు చీంటీ అని
పెద్దమనుషుల ఒప్పందం.

జోషిత నన్ను దాటిందో లేదో
"ఓ పోరీ! పండుకున్న మనిషిని దాటుతరానే?
పొడుగు పెరగడు! ఎనక్కి దాటు!"
"నాయిన పెరిగిండు కద, అవ్వా."
"అయినా దాటు!"
ఎనక్కి దాటింది.
అంటె మళ్ల ఆరో గడప కాడికొచ్చినట్టు.
మళ్ల ముందుకు. మళ్ల అవ్వ. మళ్ల ఎనక్కి.
పడుగుల నాడె పోయినట్టు
ఇటు అటు, ఇటు అటు,
నా పొట్ట మీదుగ చిన్న పాదాలు.
ఎంత నేసిన్రో తెల్వది,
ఎవలు కొలవలె.

అప్పుడు యాదికొచ్చింది పడవ.
రెహాన్ ఉరికిపోయి చింతకొమ్మ తెచ్చిండు.
మగ్గం గుంటల, నేను తొక్కే చెక్కల నడుమ
ఆకు విడిచిన్రు.
పొద్దటిసంది నేను తిట్టుకుంటున్న నీళ్లే అవి.
చీమ ఎక్కలె.
ఎక్కిస్తె దిగింది.
మళ్ల ఎక్కిస్తె జోషిత వేలు కుట్టింది.
ఏడుపు, సున్నం, బెల్లం ముక్క.
ఆకు ఒట్టిదే తిరిగింది గుంటంత.
నేను ఒంగి ఒక్కసారి ఊదిన.
ఎవరూ చూడలే అనుకున్న,
స్రవంతి చూసింది.

రాత్రి కరెంటొచ్చింది.
మిగిలిన శెనగలు గుగ్గిళ్లయినయి.
కర్ర అవ్వ మంచం పక్కకు చేరింది.
నన్ను మాత్రం ఎవరూ తీసి సదరలె.
కిందనే పండుకున్న.
ఒక చీమ నా మోకాలెక్కి, అటు దిగి,
తన దారిన తను పోయింది.
ఎనక్కి దాటమని
నేనేం అనలె.